గుర్రానికి చక్కెర పెట్టిన చేతి విషయమై

తిజెమ్మూరిన్ పురపాలక సంఘ పశు ఆరోగ్యాధికారి, డాక్టర్ షఫీఖ్ బెల్‌ఘాజీ వారి సముఖమునకు,

పడమటి కోట గుమ్మం వద్ద గుర్రాల సత్రం యజమానురాలు, న్యాయస్థానంలో గుమస్తాగా పనిచేసి విశ్రాంతి పొందిన కెల్తూమ్ ఐత్ బహా వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: శునక, మార్జాల, అశ్వముల ఆరోగ్యమును ఏడాది పొడుగునా కాపాడుటకై తమరు చేపట్టిన పథకం వలన మా సత్రంలో సంభవించిన మరణములు, సత్రం మూసివేయవలెనని తమరు పంపిన తాఖీదు, మరియు తమ కుడిచేయి.

నా ఉద్యోగ జీవితమంతా ఇతరుల అర్జీలకు ముద్ర వేసి కట్టలు కట్టడంలోనే గడిచింది. అర్జీ ఎలా రాయాలో నాకు తెలుసు. అధికారి దాన్ని చదవకుండా ఎలా పక్కన పెడతాడో అంతకంటే బాగా తెలుసు. కనుక దీనిని తమ కార్యాలయం పెట్టెలో వేయక, నేనే స్వయంగా తెచ్చి, తమ ఎదుటి కుర్చీ లాక్కొని, తమరు ఆఖరి పంక్తి చదివే వరకు లేవకుండా కూర్చోదలచుకున్నాను. తమకు ఇబ్బందిగా ఉంటే త్వరగా చదవగలరు.

1. తమకు ముందు ఈ పదవిలో డాక్టర్ ఇద్దెర్ ఉండేవారని తమరెరుగుదురు. గోడకు ఆయన కొట్టుకున్న మేకులు సైతం తమరు పీకించినారు గనుక ఎరుగనని అనలేరు. ఆయన కొండప్రాంతపు మనిషి. మాట మోటు, గొంతు పెద్దది, దగ్గరికొస్తే అయోడిన్ వాసన. వారానికొకసారి కోట గుమ్మం పక్కనున్న నీళ్ళ తొట్టి దగ్గర స్టూలు వేసుకొని కూర్చొనేవారు. ఏ కాలంలో ఏ రోగం వస్తుందో, ఆ కాలానికి ముందే ఆయన వచ్చి ఉండేవారు.

వాగులో దోమలు లేవకముందే గుర్రాలకు టీకాలు, నట్టల మందు పడేవి. అదే వారంలో మా సత్రం కుక్కలకూ పిల్లులకూ పిచ్చి సోకకుండా సూదులు. పులుసులో నానబెట్టిన రొట్టె కుక్క ముందు పెట్టి, అది తింటుండగా వెనకనుంచి సూది వేసి, గుర్తుకు మెడలో ఎర్ర తాడు కట్టేవారు. పిల్లుల సంగతి వేరు. వాటిని ఆలివ్ కాయల గోనెసంచుల్లో పట్టి తెచ్చేవాళ్ళు. గోనె విప్పగానే రక్తం కారేది బండివాళ్ళ చేతులకే. ఎండాకాలం మధ్యాహ్నం ఏ గుర్రమైనా బండికి కట్టి కనబడిందా, ఆయన దారికి అడ్డంగా నిలబడేవారు.

"నీ నెత్తిన టోపీ ఉంది. దాని నెత్తిన ఏముందిరా?"

"బేరం ఉంది డాక్టరుగారూ. సంతకు పోవాలి."

"అయితే నువ్వు లాగు. అది వెనక కూర్చుంటుంది."

బండివాడు గొణుక్కుంటూనే బండి విప్పేవాడు. గుర్రాలు తడిగోనె తలమీద వేసుకొని నీడన నిలబడేవి. చలి మొదలవకముందు వాటి పళ్ళు అరగదీసేవారు. దాణా సగం నమిలి రాల్చేస్తున్న గుర్రానికి ఆకలి లేక కాదు, పన్ను గుచ్చుకుంటోంది కనుక అని మాకు చెప్పింది ఆయనే. వానలు పడ్డాక సత్రానికొచ్చి పడక గడ్డిని అరచేత్తో నొక్కి చూసేవారు. తడి తగిలిందంటే ఆ బండివాడి పని అయినట్టే.

ఆయనను ఎడారి అంచుకు బదిలీ చేసినారు. కారణం మాకెవరూ చెప్పలేదు. ఆయన కుర్చీలోకి తమరు వచ్చినారు.

2. తమరు వచ్చీ రాగానే నీళ్ళ తొట్టి దగ్గరి వైద్యం అనాగరికమని నిలిపివేసి, జంతువులను కార్యాలయానికే తీసుకురావలెనని ఉత్తర్వు జారీ చేసినారు. తమ కార్యాలయం పై అంతస్తులో ఉన్నది. గుర్రములు మెట్లెక్కవు. ఈ సంగతి విన్నవించగా, "పరిశీలించెదము" అని సెలవిచ్చినారు. ఇంకను పరిశీలించుచునే ఉన్నారని తలచెదను.

తొట్టి పక్కన ఒక బోర్డు వెలసినది. దాని మీద ఒక కుక్క, ఒక పిల్లి, ఒక గుర్రం. "ఆరోగ్యమైన నేస్తాలు, ఏడాది పొడుగునా" అని కింద అక్షరాలు. ఆ గుర్రానికి బంగారు రంగు జూలు; వెనక మంచుకొండ, కాళ్ళ కింద మోకాలెత్తు పచ్చగడ్డి. బోర్డు నిలబెట్టిన రోజు మా సత్రంలో తెల్ల గుర్రాన్ని తోలుకునే మహ్జూబ్ దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"ఇది ఏ ఊరి గుర్రం లల్లా?" అని నన్నడిగాడు. బండివాళ్ళందరూ నన్ను లల్లా, అంటే అమ్మగారూ, అనే పిలుస్తారు.

"ఎవరికి తెలుసు. ఈ ఊరిది మాత్రం కాదు."

"ఆ గడ్డి చూశావా. మనూళ్ళో అంత గడ్డే ఉంటే గుర్రం దాకా రానిస్తానా, నేనే మేసేవాణ్ణి."

తమ పథకం వలన ఈ ఊరి జనానికి కలిగిన మేలు ఆ మాటకు మేము నవ్వుకున్న నవ్వొక్కటే అని రికార్డు కొరకు మనవి చేయుచున్నాను.

3. ఆ తరువాత రాజధాని నుండి పెద్దలు మన పట్టణమునకు విచ్చేయుచున్నారని, వారి కంట వీధికుక్కలు పడరాదని తమకు తోచినది. విషం కలిపిన మాంసం ముక్కలు వీధుల్లో వేయించబోతున్నారని తెలిసి నేను తమ గదికి వచ్చాను. ఆనాటి సంభాషణ తమకు జ్ఞాపకం లేకపోవచ్చును. నాకు ప్రతి మాటా జ్ఞాపకమున్నది.

"మెడలో ఎర్ర తాడున్న కుక్కల్ని వదిలేయండి," అన్నాను. "అవి టీకా వేసినవి. అవి వీధుల్లో ఉన్నంతకాలం ఊరి బయట చెత్తదిబ్బ కుక్కల్ని లోపలికి రానివ్వవు. వీటిని చంపితే అవొస్తాయి. డాక్టర్ ఇద్దెర్ ఎప్పుడూ అదే చెప్పేవారు."

తమరు నవ్వారు. "తాడున్న వాటి జోలికి ఎవరూ పోరమ్మా. మా సిబ్బందికి ఆదేశాలిచ్చాను."

"సిబ్బందికిచ్చారు సరే. విషానికి ఎవరిచ్చారు?"

"అంటే?"

"రోడ్డు మీద పడున్న మాంసం ముక్క, తినేదాని మెడలో తాడుందో లేదో చూసుకుంటుందా?"

"అమ్మా, మీరు రిటైరయ్యారు. ఇంటికెళ్ళి టీ తాగి పడుకోండి."

మరునాడు పొద్దున నేను సత్రం తలుపు తీసేసరికి మా కుక్క గజాలా తొట్టి పక్కన పడి ఉంది. గజాలా అంటే జింక అని తమరికి వేరే చెప్పక్కర్లేదు. కాళ్ళు అలా ఉండేవని మహ్జూబే ఆ పేరు పెట్టాడు. ఆ కాళ్ళు కొయ్యల్లా బిగుసుకుపోయాయి. ఇంకా ఊపిరి ఉంది. ఎవరు అడుగు తీసి అడుగు వేసినా ఒళ్ళంతా విల్లులా వంగిపోతోంది. మహ్జూబ్ చెప్పులు విప్పి, చప్పుడు కాకుండా దాని పక్కన కూర్చొని, అది పోయేదాకా కదల్లేదు. మెడలో ఎర్ర తాడు ఉన్నది. బార్లీ కొట్టులో ఎలుకలు పట్టే మా పిల్లులు దాణా బస్తాల వెనక చచ్చి దొరికాయి. బూడిదరంగు ఆడపిల్లి, గజాలా కక్కిన దాన్ని నాకి చచ్చింది. ఆ సంగతి దాని మూతి చూస్తేనే తెలిసింది.

ఆ మధ్యాహ్నం తమ కార్యాలయం వారు వీధుల్లో మైకు పెట్టి, అనివార్య కారణముల వలన పెద్దల రాక వాయిదా పడినదని చాటించినారు. చచ్చిన వాటికి వాయిదా వర్తించదని ఇందుమూలముగా తెలియజేయుచున్నాను.

4. తదుపరి పరిణామములు డాక్టర్ ఇద్దెర్ చెప్పినట్టే, తమరు నవ్వినట్టు కాకుండా, జరిగినవి. ఎలుకలు బార్లీ బస్తాలు కొరికి అందులోనే కాపురం పెట్టాయి. చెత్తదిబ్బ కుక్కలు మొదట కోటగోడ దాకా, ఆపైన సంత దాకా, చివరికి మా సత్రం దాకా వచ్చాయి. అందులో ఒకటి తూలుకుంటూ లోపలికొచ్చి, నీళ్ళు తాగుతున్న తెల్ల గుర్రం మూతి పట్టుకుంది.

ఆ గుర్రం పేరు తాజీరీ. మా మాటలో వెన్నెల అని. మహ్జూబ్ దాన్ని పిల్లగా ఉన్నప్పుడు తెచ్చుకున్నాడు. తన బిడ్డలను కొడితే కొట్టాడేమో గాని ఆ గుర్రం మీద చర్నాకోల ఎత్తగా నేను చూడలేదు. ఆ కుక్కను పారతో కొట్టి తరిమి, గుర్రం మూతికి గుడ్డ అదిమి పట్టి, నా వెంట తమ కార్యాలయానికి పరిగెత్తుకొచ్చాడు.

తమ కార్యాలయంలో టీకా మందు ఉంచుటకు ఒక చల్లపెట్టె కలదు. నేను అడగగా తమ బంట్రోతు దాన్ని తెరిచాడు. లోపల నారింజరసం సీసాలు, తమ శాఖ వార్షికోత్సవపు కేకు.

"టీకా మందు ఏది నాయనా?"

"అదిగో అమ్మా, కిటికీ గట్టు మీద. పెట్టెలో జాగా లేదు."

ఆ సీసాలు ఎండలో మిలమిల మెరుస్తున్నాయి. అవి ఇక నీళ్ళతో సమానమని తమరే ఒప్పుకున్నారు. ఆ ఒక్క నిజమే తమ నోట నేను విన్నాను.

"కొత్త సరుకు వస్తుంది. ఈలోగా సబ్బుతో కడగండి. చిన్న గాటే కదా," అన్నారు.

"గాటు చిన్నదే డాక్టరుగారూ. కరిచిన కుక్క తూలుతోంది," అన్నాడు మహ్జూబ్.

"ఆకలికి తూలి ఉంటుంది."

కొత్త సరుకు రాలేదు. మేమిద్దరం అడగటానికి వచ్చినప్పుడల్లా తమరు మీటింగులో ఉన్నారు. మూతి గాయం మానింది. మానింది కదా అని మేమూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాం.

5. వాయిదా పడిన పెద్దలు చివరికి వచ్చినారు. తమ బోర్డును వారు తిలకించునప్పుడు పక్కన నిలబెట్టుటకు తమకు ఒక తెల్ల గుర్రం కావలసి వచ్చినది. పట్టణంలో తెల్లగుర్రం తాజీరీ ఒక్కటే.

"ఈరోజు వద్దు డాక్టరుగారూ," అని మహ్జూబ్ బతిమాలాడు. "పొద్దుట్నుంచి దీని చూపు నాకు నచ్చడం లేదు. నీళ్ళలో మూతి పెట్టి తీసేసింది."

"ఫోటోలో నీళ్ళు తాగక్కర్లేదు. జూలు దువ్వి తీసుకురా."

దువ్వి తీసుకొచ్చాడు. తమరు నీలం కోటు తొడుక్కొని, చక్కెర దిమ్మెలోంచి కొట్టిన ముక్క అరచేతిలో పెట్టి, గుర్రం నోటికందించి కెమెరా వైపు తిరిగి నవ్వారు. దాని నోట్లోంచి చొంగ కారి తమ మణికట్టు దాకా జారింది. అది చక్కెరతో పాటు తమ చేతినీ అందుకుంది. పళ్ళు వేళ్ళ కణుపుల మీద గీసుకుపోయాయి. తమరు చేయి వెనక్కి లాగి రుమాలు చుట్టుకున్నారు. రుమాలు ఎర్రబడడం మొదటి వరుసలో నిలబడ్డ నేను చూశాను. ఫోటోగ్రాఫరు, "సార్, ఇంకొక్కటి, కొంచెం దగ్గరగా," అన్నాడు. తమరు రుమాలు విప్పి, అదే చేత్తో ఇంకో ముక్క పెట్టారు. పెద్దలు చప్పట్లు కొట్టారు.

6. మరునాటికి తాజీరీ మింగడం మానేసింది. నీళ్ళు ముక్కులోంచి తిరిగి వస్తున్నాయి. కబురు పంపితే తమరు వచ్చినారు, కాదనను. సత్రం గుమ్మం దాకా వచ్చి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకొని, అక్కడినుంచే చూసి, "కడుపునొప్పి. పాసిపోయిన గడ్డి వేసి ఉంటారు. నూనె పట్టించండి," అని వెళ్ళిపోయినారు.

అధికారి చెప్పాడు కదా అని మహ్జూబ్ నూనె పట్టించాడు. దిగకపోతే గొంతులో ఏదో ఇరుక్కుందేమోనని మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికాడు. వాడి వేళ్ళకు కళ్ళెం తోలు కోసిన గాట్లు ఎప్పుడూ ఉంటాయి. నేను పక్కనే లాంతరు పట్టుకొని నిలబడి చూస్తున్నాను. నాకూ తట్టలేదు. తట్టినప్పుడు లోపలికెళ్ళి డాక్టర్ ఇద్దెర్‌కు ఫోను చేశాను.

"నీళ్ళు మింగుతోందా?"

"లేదు."

"వెనక కాళ్ళు ఎలా ఉన్నాయి?"

"తూలుతోంది. చెవి దగ్గర చప్పుడైతే అదిరిపడుతోంది."

"ఈమధ్య కుక్కేమైనా కరిచిందా?"

"కరిచింది. మూతి మీద. గాయం మానింది కూడా."

"కెల్తూమ్, అందర్నీ బయటికి పంపు. నోట్లో చెయ్యి పెట్టిందెవరు?"

"మహ్జూబ్."

"పారే నీళ్ళ కింద సబ్బుతో కడిగించు. ఇంక చాలనిపించాక మళ్ళీ కడిగించు. అక్కణ్ణుంచి తిన్నగా ఆసుపత్రికి. రేపు కాదు. నేను బస్సెక్కుతున్నాను."

మహ్జూబ్ చేతులైతే కడుక్కున్నాడు గాని గుమ్మం దాటనన్నాడు.

"దాన్ని ఒక్కదాన్నే వదిలి ఎట్లా పోను లల్లా? నా గొంతు వింటే తల తిప్పుతోంది."

"నువ్వు కూడా దాని దారినే పోతే నీ పిల్లలు ఎవరి గొంతు వింటారు?"

అప్పుడు కదిలాడు. సూదులు వేయించుకొని నేరుగా మళ్ళీ వచ్చాడు. నేను లోపలికి రానివ్వలేదు. గోడ బయట నేల మీద కూర్చొని, లోపలికి వినబడేట్టు దానితో మాట్లాడుతూనే ఉన్నాడు: సంత ఎప్పుడు, ఎవరిని ఎక్కించుకోవాలి, దారిలో ఎక్కడ గుంట పడింది. డాక్టర్ ఇద్దెర్ వచ్చి చూసి, చేతి తొడుగులు వేసుకొని, దాన్ని శాశ్వతంగా నిద్రపుచ్చే మందు ఇచ్చారు. లోపల కాళ్ళు మడిచి పడిన చప్పుడు విని మహ్జూబ్ మాట ఆపాడు.

ఆ గుర్రం మెదడులోని భాగాన్ని ఇద్దెర్ గారు ప్రయోగశాలకు పంపగా, పిచ్చికుక్క రోగమని తేలింది. ఆ సంగతి ఆయన తమకు తెలియపరచినారు. "నమూనా సదరు శాఖ ద్వారా సేకరింపబడనందున అంగీకరింపజాలము" అని తమరు బదులిచ్చినారు. తమ అంగీకారం కోసం చావు ఆగి ఉంటే బాగుండేది.

సత్రంలో ఆ గుర్రాన్ని ముట్టుకున్న ప్రతి ఒక్కరం సూదులు వేయించుకుంటున్నాం. మహ్జూబ్ తన ఇంటికి వెళ్ళడం మానేసి ఖాళీ కొట్టంలో పడుకుంటున్నాడు. "మా ఆవిడ నా గ్లాసు వేరే పెట్టింది లల్లా. తప్పేముంది, నేనైనా అంతే చేస్తా," అంటాడు. గ్లాసు వల్ల ఏమీ కాదని డాక్టర్ ఇద్దెర్ ఆమెకు నచ్చజెప్పారు. ఆమె తలూపింది. గ్లాసు మాత్రం వేరేగానే ఉంది.

7. ఇట్టి పరిస్థితులలో నాకు తమ తాఖీదు అందినది. యజమానురాలి నిర్లక్ష్యం వలన, పాసిన మేత తిని, కడుపునొప్పితో అశ్వము మరణించినందున సత్రం మూసివేసి మిగిలిన గుర్రములను ఖాళీ చేయించవలెనట. నేను న్యాయస్థానంలో పచ్చి దొంగలు ఇచ్చిన వాంగ్మూలాలు చదివినదానను. వాళ్ళలో ఏ ఒక్కడూ తాను దొంగిలించిన ఇంటివాడి మీదనే ఎదురు కేసు పెట్టడం చూడలేదు. తమ తెలివికి జోహారు.

8. ఇది ఫిర్యాదు కాదు. అయినను అంకె వేయుచున్నాను, తమరు దాటవేయకుండుటకు.

నిన్న సాయంత్రం తమ ఇల్లాలు బహీజా మా సత్రానికి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మం దగ్గరే నిలబడి అడిగింది.

"అక్కా, ఆ గుర్రానికి వచ్చింది నిజంగా పిచ్చేనా?"

"నిజమే తల్లీ. ఎందుకు?"

"ఆయన చేతికి గుడ్డ చుట్టుకొని ఆఫీసుకెళ్తున్నారు. అడిగితే కాగితం గీరుకుంది అంటున్నారు. కాగితం నాలుగు వేళ్ళ మీద ఎట్లా గీరుకుంటుంది?"

"సూదులు వేయించుకోమని చెప్పలేకపోయావా?"

"చెప్పాను. 'రేపు ఊరేమంటుంది? కడుపునొప్పి గుర్రానికి చక్కెర పెడితే పిచ్చికుక్క సూదులెందుకయ్యా అనదూ?' అన్నారు."

"మాట మార్చుకుంటే ఏం పోయింది?"

"పెళ్ళయినప్పట్నుంచి చూస్తున్నాను. ఒక్కసారి మార్చుకోలేదు. దారి తప్పితే, ఇదే దగ్గర దారి అంటారు." ఆమె వీధి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "మా చిన్నది రొట్టె ఆయన చేత్తో తుంచి పెడితేనే తింటుంది. ఇప్పుడు ఎడమచేత్తో పెడుతున్నారు. తెలియకపోతే చెయ్యి ఎందుకు మారుస్తారు అక్కా? ఆయనకి తెలుసు."

నేను స్టూలు తెచ్చి గుమ్మం బయట వేశాను. ఆమె కూర్చోలేదు.

"మీరు రాయండి," అంది. "నేను చెబితే వినరు. ఆఫీసుకొచ్చిన కాగితమైతే పూర్తిగా చదువుతారు, తప్పులు పట్టడానికైనా."

కనుక ఇందులో కొన్ని తప్పులు కావాలనే ఉంచాను. తమరు వాటిని వెతుక్కుంటూ ఇక్కడి దాకా వచ్చి ఉంటే నా శ్రమ ఫలించినట్టే.

అయ్యా, తమరిని నేను గౌరవించడం లేదు. ఆ సంగతి పై పంక్తులలో ఎక్కడైనా దాగి ఉంటే ఇక్కడ తేటగా రాస్తున్నాను. తమరు చదివిన చదువు, తమరు వేసుకున్న నీలం కోటు, తమరు నిలబెట్టిన బోర్డు, వీటిలో ఏదీ ఒక్క ప్రాణికి ఒక్క పూట ఉపయోగపడలేదు. కాని ఆ జబ్బు ఎట్లా చంపుతుందో నేను చూశాను. దాహంతో నీళ్ళ దగ్గరికి వెళ్ళి, నీళ్ళను చూసి వణికి వెనక్కి రావడం చూశాను. తనను పెంచిన మనిషి గొంతుకు తల తిప్పి, ఆ తల నిలబెట్టుకోలేక గోడకేసి కొట్టుకోవడం చూశాను. అది మొదలైతే ఇద్దెర్ గారు కాదు కదా, ఎవరూ ఏమీ చేయలేరు. మొదలుకాకముందైతే ఆసుపత్రిలో ఒక నర్సు చాలు. ఆ చావు ఎవరికీ తగదు. తమకు కూడా తగదు. ఈ మాట రాయడానికి నాకు ఎంత కష్టమైందో తమరు ఊహించలేరు.

కావున ప్రార్థించునదేమనగా:

(అ) సత్రం మూసివేత తాఖీదును రద్దుపరచవలెను.

(ఆ) చల్లపెట్టెలో టీకా మందు తప్ప మరేదియు ఉంచరాదు. కేకు ఎండలో పెట్టినను ఎవరూ చావరు.

(ఇ) వీధుల్లో విషం వేయుట మాని, కుక్కలకును పిల్లులకును టీకాలు వేయించవలెను. పట్టి తెచ్చే పూచీ మా బండివాళ్ళది. డాక్టర్ ఇద్దెర్ సెలవు పెట్టి వచ్చి సాయం చేస్తానన్నారు. ఆయన పక్కన నిలబడుటకు తమకు నామోషీ అయితే దూరంగా నిలబడవచ్చును.

(ఈ) వారానికొకసారి తమరు మెట్లు దిగి నీళ్ళ తొట్టి వద్దకు రావలెను. ఎండాకాలంలో, వానాకాలంలో, పెద్దలెవరూ రాని కాలంలో కూడా.

(ఉ) ఈ పూటే ఆసుపత్రికి వెళ్ళి ఆ చేతికి సూదులు వేయించుకొనవలెను. ఊరు ఏమైనా అంటే, సత్రం కెల్తూమ్ పోరు పడలేక వేయించుకున్నానని చెప్పవచ్చును. నేను కాదనను.

మొదటి నాలుగు మనవులను తీరిక చూసుకొని చిత్తగించవలెను. అయిదవదానిని ఈ కాగితం కింద పెట్టకముందే చిత్తగించవలెను.

ఇట్లు రాయుట ఆచారము గనుక,
తమ విధేయురాలు,
కెల్తూమ్ ఐత్ బహా

తా.క.: ఈ అర్జీ పట్టుకొని పొద్దున తమ కార్యాలయానికి వెళ్ళాను. తమరు లేరు. ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టారని బంట్రోతు చెప్పాడు. నాకు భయమేసిందని ఒప్పుకోక తప్పదు. తమ ఇంటికే వెళ్దామని బయల్దేరి, దారిలో ఆసుపత్రి దగ్గర ఆగాను; మహ్జూబ్‌కు ఈరోజు సూది ఉన్నది. ఈ నాలుగు ముక్కలు వరండా బల్ల మీద కూర్చొని రాస్తున్నాను.

మహ్జూబ్ ఇప్పుడే బయటికొచ్చి చెప్పాడు. తమరు నల్లకళ్ళద్దాలు పెట్టుకొని వెనక గుమ్మంలోంచి వచ్చారట. అధికారి గారైనా వరసలోనే కూర్చోవాలని నర్సు గట్టిగా చెప్పిందట. వాడు జరిగి చోటిచ్చాడట.

"నొప్పిగా ఉంటుందా?" అని తమరు అడిగారట.

"భుజానికి వేసేది ఏమీ కాదు డాక్టరుగారూ. గాయం చుట్టూ గుచ్చుతారు చూడండి, అదే. ఎవరైనా చెయ్యి పట్టుకుంటే మేలు."

తమరు ఎవరినీ తెచ్చుకోలేదట. అందుకని వాడే పట్టుకున్నాడట. గుచ్చుతున్నంతసేపూ తమరు వాడి మొహం చూడకుండా గోడ చూస్తూ, "ఆ గుర్రం పేరేమిటి?" అని అడిగారట. వాడు చెప్పాడట.

అయిదవ మనవి కొట్టివేయుచున్నాను. మిగతా నాలుగూ నిలిచే ఉన్నవి. తమరు లోపలి గదిలోంచి వచ్చేదాకా ఇక్కడే కూర్చుంటాను. కాగితం తమ చేతికే ఇస్తాను. ఈసారికి ఎడమచేత్తో పుచ్చుకొనవచ్చును, ఏమీ అనుకోను.